కాలిఫోర్నియా గడియారాన్ని శీతకాలపు సమయంలోనే ఉంచాలి

ఏటా మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున గడియారాన్ని ఒక గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం ఒక గంట వెనక్కు జరిపే పద్ధతిని కాలిఫోర్నియా ఇక మానుకోవాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. 1949లో ఓటర్లే ఆమోదించిన ఈ పద్ధతిని మార్చే వీలు శాసనసభకు కల్పించాలని 2018 నవంబరులో ఏడో ప్రతిపాదన ద్వారా మళ్లీ ఓటర్లే తీర్పునిచ్చారు. ఓటు వేసినవారిలో దాదాపు 60 శాతం మంది దానిని సమర్థించారు. అయినా ఇన్నేళ్లుగా గడియారాలను ముందుకూ వెనక్కూ జరుపుతూనే ఉన్నాం.

ఇందుకు కారణం, కాలిఫోర్నియావాళ్లలో చాలామంది కోరుకుంటున్నది వేసవి సమయాన్నే, అంటే గంట ముందుకు జరిపిన ‘డేలైట్ సేవింగ్’ సమయాన్నే, ఏడాది పొడవునా ఉంచడం. 1966 నాటి యూనిఫాం టైమ్ యాక్ట్ అనే కేంద్ర చట్టం ప్రకారం ఒక రాష్ట్రం డేలైట్ సేవింగ్‌ను పూర్తిగా వదులుకోవచ్చు కానీ, దానిని శాశ్వతం చేసుకోవడానికి వీల్లేదు. అందుకు అనుమతించే బిల్లును 2022 మార్చిలో అమెరికా సెనేట్ ఆమోదించినా ప్రతినిధుల సభ చర్చకే తీసుకోలేదు. అరిజోనా, హవాయి రాష్ట్రాలు మాత్రం ఎవరి కోసమూ ఎదురుచూడకుండా ప్రామాణిక సమయంలోనే, అంటే శీతకాలపు సమయంలోనే, దశాబ్దాలుగా హాయిగా నడుస్తున్నాయి.

శాశ్వత వేసవి సమయం ఎలా ఉంటుందో దేశం ఒకసారి చవిచూసింది. చమురు సంక్షోభం వేళ, విద్యుత్తు ఆదా అవుతుందన్న ఆశతో, 1974 జనవరి 6న అధ్యక్షుడు నిక్సన్ ప్రభుత్వం దానిని అమలులోకి తెచ్చింది. పిల్లలు చీకట్లో బడిబస్సుల కోసం నిలబడవలసి రావడం, ఆ వేళ జరిగిన ప్రమాదాలు తల్లిదండ్రులను కలవరపెట్టాయి; మొదట్లో బాగా ఉన్న ప్రజామద్దతు కొద్ది వారాల్లోనే పడిపోయి, అదే ఏడాది అక్టోబరులో ఆ చట్టాన్ని సవరించవలసి వచ్చింది. ఈనాడు మళ్లీ అదే చేస్తే శాన్‌ఫ్రాన్సిస్కోలో జనవరి మొదటి వారంలో సూర్యుడు ఉదయం 8:25కు గానీ కనిపించడు. అప్పటికి చాలా బడుల్లో మొదటి గంట మోగిపోయి ఉంటుంది.

నిద్ర వైద్యులు కూడా ఇదే చెబుతున్నారు. మన శరీరపు గడియారాన్ని సరిదిద్దేది ఉదయపు వెలుతురు కాబట్టి, అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ శాశ్వత ప్రామాణిక సమయాన్నే సమర్థిస్తోంది. మార్చిలో గంట ముందుకు జరిపిన తరువాతి రోజుల్లో గుండెపోట్లు పెరుగుతున్నట్లు స్వీడన్ పరిశోధకులు 2008లో ప్రచురించారు. ఇక విద్యుత్తు ఆదా అన్న వాదన ఇండియానాలో నిలవలేదు: 2006లో రాష్ట్రమంతా డేలైట్ సేవింగ్ మొదలయ్యాక ఇళ్లలో విద్యుత్తు వాడకం కొంత పెరిగిందని అక్కడి బిల్లులను పరిశీలించిన ఆర్థికవేత్తలు తేల్చారు. సాయంత్రపు ఎండలో ఏసీలు ఎక్కువగా పనిచేస్తే అంతే కదా.

నష్టం లేదనను. జూన్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో రాత్రి 8:35కు అస్తమించే సూర్యుడు 7:35కే అస్తమిస్తాడు. పని ముగించుకుని పిల్లలతో పార్కుకు వెళ్లేవారికి అది నిజంగా లోటే, ఆ సాయంత్రాలంటే నాకూ ఇష్టమే. కానీ డిసెంబరు ఉదయాన పిల్లలకు కావలసిన వెలుగు అంతకన్నా ముఖ్యమని భావిస్తున్నాను. భారతదేశంలో తల్లిదండ్రులున్న మనకు మరో సౌలభ్యం కూడా ఉంది. ఇక్కడికీ అక్కడికీ తేడా వేసవిలో పన్నెండున్నర గంటలు, శీతకాలంలో పదమూడున్నర. ఎప్పుడూ పదమూడున్నరే అయితే, ఫోను వేళ మారిందని పెద్దవాళ్లకు ఏడాదికి రెండుసార్లు గుర్తుచేయనక్కరలేదు.

వేసవిలో నెవాడాకూ మనకూ గంట తేడా వస్తుందన్నది వ్యాపారులు తరచూ లేవనెత్తే అభ్యంతరం, అది న్యాయమైనదే. ఆరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాలు 2019లో శాశ్వత వేసవి సమయానికి చట్టాలు చేసి, కాంగ్రెస్ అనుమతి కోసం ఇప్పటికీ ఎదురుచూస్తున్నాయి. ఆ రెండింటితో, నెవాడాతో మాట్లాడి, కాంగ్రెస్ అనుమతి అవసరమే లేని ప్రామాణిక సమయానికి నాలుగూ కలిసి మారేలా మన శాసనసభే చొరవ తీసుకోవాలి.