'ప', 'వ'ల కోసం ఐదు నెలలు: నా అనుభవం

ఈరోజు పరిశీలనకు వచ్చిన మేడమ్ నా తరగతిలో నలభై నిమిషాలు కూర్చున్నారు. వెళ్తూ వెళ్తూ "ఈ గరుకు అక్షరాల కార్డులు ఎలా చేశారో మిగతా టీచర్లకు కూడా చూపించండి" అన్నారు. ఇంటికొచ్చి బ్యాగ్ పక్కన పెట్టి వెంటనే ఇది రాస్తున్నాను. ఐదు నెలల క్రితం ఇదే గదిలో ఇదే మేడమ్ ముందు నేను తలెత్తలేకపోయాను.

నాది ఒకటో తరగతి, 26 మంది పిల్లలు. 'ప', 'వ' దగ్గర సగం మంది ఆగిపోయారు. బోర్డు మీద రాశాను, పలికించాను, పేజీలకు పేజీలు దిద్దించాను. కొందరికి పది నిమిషాలు దాటితే చూపు కిటికీ వైపు పోయేది. అదే సమయంలో ఒక రోజు ట్రైనింగ్ పెట్టారు: పిల్లల కన్ను, చెవి, చెయ్యి, కదలిక అన్నింటినీ కలిపి పాఠం చెప్పాలని. సామాను తెచ్చుకోవడం తేలిక. ట్రేలు, ఇసుక, బంకమట్టి, చిన్న గంట రెండు రోజుల్లో సిద్ధం చేసుకున్నాను.

ఆ ట్రైనింగ్ మీద నాకు ఇప్పటికీ కోపం ఉంది. చెప్పిన ఆయన పిల్లల్ని చూసి నేర్చుకునేవాళ్లు, విని నేర్చుకునేవాళ్లు, చేసి నేర్చుకునేవాళ్లు అని విడదీసి, ఎవరికి తగ్గట్టు వాళ్లకి చెప్పమన్నారు. నేను వారం రోజులు కూర్చుని 26 మందికీ జాబితా రాశాను. అలా విడదీసి చెప్తే ఎక్కువ నేర్చుకుంటారనడానికి సరైన ఆధారాలు లేవని 2008లోనే హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఉన్న పరిశోధనలన్నీ పరిశీలించి రాశారని నాకు తర్వాత తెలిసింది. టీచర్లకు చెప్పే ముందు చెప్పేవాళ్లు ఒకసారి చదువుకోవాలి. ఆ వారం నా పిల్లలది.

ఇక ఐదు నెలల క్రితం మేడమ్ వచ్చిన ఆ రోజు సంగతి. పాఠం 'ప'. ఆరు ట్రేలలో ఎర్ర ఇసుక పోశాను. 'ప' అన్నప్పుడల్లా గంట కొట్టాలి, అడుగులు వేస్తూ పాట పాడాలి, పువ్వు బొమ్మలు అతికించాలి, మట్టితో అక్షరం చేయాలి. అన్నీ ఒకే పీరియడ్‌లో. మేడమ్ వెనక బెంచీలో కూర్చుని రాసుకుంటున్నారు, నాకు లోపల టెన్షన్. ఐదు నిమిషాలు బాగానే నడిచింది. తర్వాత ట్రే కోసం ఇద్దరు లాక్కున్నారు, ఇసుక నేల మీద పోయింది. ఒక పాప కంట్లో పడింది. నేను పాప కన్ను కడగడానికి బయటికి వెళ్లి వచ్చేసరికి గంట ఒకడి చేతిలో ఆగకుండా మోగుతోంది.

మేడమ్ లేచి ముందు వరసలో బాబుని అడిగారు. "ఈరోజు ఏం నేర్చుకున్నావు నాన్నా?"

"ఎర్ర ఇసుక" అన్నాడు.

పక్కవాణ్ని అడిగితే "గంట" అన్నాడు. ఆవిడ సుద్దముక్క తీసుకుని బోర్డు మీద 'ప' రాసి, ఇది ఎవరికి వచ్చు అన్నారు. నాలుగు చేతులు లేచాయి. అందులో ఇద్దరు 'వ' అన్నారు.

అది అక్కడితో అయిపోయి ఉంటే బాధ లేదు. సాయంత్రం స్టాఫ్ రూమ్‌లో అందరి ముందూ మా హెడ్ మేడమ్ "ఏంటమ్మా, అది క్లాసా ఆటస్థలమా? రేపటి నుంచి నోటు పుస్తకాలు నిండాలి" అన్నారు. ట్రైనింగ్‌కి నన్ను పంపింది ఆవిడే. ఒక్కరూ నా తరఫున మాట్లాడలేదు. గదిలో ఇసుక నేనే ఊడ్చాను. ఊడుస్తున్నంతసేపూ ఆ బాబు మాటే చెవిలో ఉంది. వాడు అబద్ధం చెప్పలేదు. ఆ పీరియడంతా వాడి ధ్యాస ఇసుక మీదే ఉంది, ఇసుకే గుర్తుంది. పిల్లలు ఉత్సాహంగా ఉన్నారు కదా అని నేను సంతోషించాను గానీ, ఆ ఉత్సాహం దేని మీద ఉందో చూసుకోలేదు. ఈ వయసు పిల్లలు ఒకేసారి మనసులో పట్టి ఉంచుకోగలిగేది చాలా కొద్ది. గంట, రంగు, పాట, బొమ్మ ఆ చోటంతా నింపేస్తే అక్షరానికి చోటు మిగలదు.

పద్ధతి మానలేదు, మార్చాను. ఇటలీ వైద్యురాలు, విద్యావేత్త మరియా మాంటిసోరి 1907లో రోమ్‌లో తెరిచిన పిల్లల బడిలో వాడిన ఉప్పు కాగితం (శాండ్‌పేపర్) అక్షరాల గురించి చదివాను. నునుపు అట్ట మీద గరుకు అక్షరం, అంతే. బొమ్మ లేదు, రంగుల హంగు లేదు. చూపుడువేలు, మధ్యవేలు కలిపి, రాసే దిశలోనే అక్షరం మీద నడిపిస్తూ ఆ శబ్దం పలకాలి. కన్ను, వేలు, నోరు మూడూ ఒకే క్షణంలో ఒకే అక్షరం మీద ఉంటాయి. నేను తప్పు చేసింది ఇక్కడే: నా పాఠంలో చెవి గంట దగ్గర, కన్ను పువ్వు దగ్గర, చెయ్యి ఇసుకలో ఉన్నాయి. ఫ్రాన్స్ పరిశోధకులు 2004లో ప్రచురించిన పరిశీలనలో కూడా, అక్షరాల్ని చూసి వినడమే కాకుండా వేళ్లతో తడిమిన చిన్నపిల్లలకు అక్షరానికీ శబ్దానికీ ఉన్న సంబంధం బాగా అర్థమైంది.

అలాంటి ఉప్పు కాగితం అక్షరాల కార్డులు ఇంట్లో కత్తిరించాను. 'వ'లో ఎడమవైపు చిన్న సున్నలా ముడుచుకుంటుంది, 'ప'లో ఆ చోటు తెరిచి ఉంటుంది. నెలల తరబడి బోర్డు మీద చూసినా పట్టని ఆ తేడా వేలికి రెండు రోజుల్లో తెలిసింది. కాలు కుదురుగా పెట్టని ఒక బాబు కళ్లు మూసుకుని తడిమి "టీచర్, ఇది మూసుకుంది, 'వ'!" అని అరిచాడు. ఆ రోజు నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

నలుగురైదుగురిని దగ్గర కూర్చోబెట్టుకుని మూడు మెట్లు పాటిస్తాను. "ఇది 'ప'." "'ప' ఏదీ, చూపించు." "ఇది ఏంటి?" మూడో ప్రశ్నకు తడబడితే తప్పు అనను, మొదటి మెట్టుకి వెళ్తాను. ఇది మాంటిసోరి కంటే ముందు తరం ఫ్రెంచ్ వైద్యుడు సెగ్విన్ పద్ధతి, మాంటిసోరి ఆయన రచనల నుంచే తీసుకున్నారు. ఏడెనిమిది నిమిషాలకు మించను. మిగతా పిల్లలు అప్పుడు పలక మీద పని చేస్తారు. ఇసుక ట్రే మళ్లీ తెచ్చాను, కానీ కార్డు తడిమాక చూడకుండా రాయడానికి మాత్రమే, ఒక్కొక్కరికీ విడివిడిగా. గంట బీరువాలో ఉంది.

ఒక నాన్నగారు వచ్చి "పుస్తకం ఖాళీగా ఉందేంటి టీచర్?" అని గట్టిగా అడిగారు. బాబుని పిలిచి ఆయన ఎదుటే కార్డు తడిమించి, బోర్డు మీద రాయించాను. ఆయన ఇంకేమీ అనలేదు. తల్లిదండ్రులకు మాటలతో చెప్పకండి, చూపించండి.

ఇప్పుడు 22 మందికి 'ప', 'వ' తడబాటు లేకుండా వస్తున్నాయి. నలుగురికి రాలేదు. వాళ్లలో ఒక పాప నా నోరు చూస్తే తప్ప శబ్దం పట్టుకోవడం లేదు. వినికిడి పరీక్ష చేయించమని వాళ్లమ్మగారికి చెప్పాను. ఎన్ని కార్డులు చేసినా ఆ పరీక్షకు బదులు కావు.

మా హెడ్ మేడమ్ ఈరోజు ఏమీ అనలేదు. బాగుందని కూడా అనలేదు.

రేపు 'మ', 'య' మొదలుపెట్టాలి. కార్డులు రెండూ కత్తిరించాను. 'య' అంచు ఒకచోట చిరిగింది, పడుకునే ముందు ఇంకొకటి చేయాలి.