హైలక్స్‌ని వెనక వైపు నుంచి చూడటం మొదలుపెట్టాను

ఫొటోల్లో పికప్ ఎప్పుడూ ముందు నుంచే కనిపిస్తుంది. పెద్ద గ్రిల్, కోపంగా చూసే లైట్లు, చుట్టూ లేచిన దుమ్ము. టయోటా హైలక్స్‌ని నేనూ చాలాకాలం అలాగే చూశాను. అందుకే షోరూమ్‌కి బయలుదేరేటప్పుడే ఒకటి అనుకున్నాను: ఈసారి ముఖం చివర్లో చూద్దాం. జేబులో కొలిచే టేపు పెట్టుకున్నాను. తోడు మా అమ్మ, బావ వచ్చారు.

నేను చూసింది ఎనిమిదో తరం డబుల్ క్యాబ్, అంటే రెండు వరుసల సీట్లున్న రకం. 2015లో వచ్చి, 2020లో రూపురేఖలు కాస్త మార్చుకున్న బండి. హైలక్స్ అన్న పేరు మాత్రం 1968 నుంచీ ఉంది. పొడవు 5,325 మిల్లీమీటర్లు, వెడల్పు 1,855, ఎత్తు 1,815. ఈ అంకెలన్నీ నాకు కంఠతా వచ్చు. అయినా పక్కన నిలబడేసరికి గుండె ఒక్కసారి జంకింది. కాగితం మీద పొడవు చూసి టెన్షన్ పడ్డాను గానీ, ఎదురుగా నిలబడితే భయపెట్టింది ఎత్తు. బానెట్ దాదాపు నా ఛాతీ దాకా ఉంది. చిన్నపిల్లలు దాని ముందు నిలబడితే డ్రైవర్‌కి కనిపించరు, ఆ సంగతి ఏ ఫొటోలోనూ తెలియదు.

సేల్స్ అబ్బాయి "సార్, ముందు లోపల టచ్‌స్క్రీన్ చూపిస్తా రండి" అన్నాడు. "అది తర్వాత చూద్దాం బాబూ, ముందు టైల్‌గేట్ తెరువు" అన్నాను. వింతగా చూసి, బండి వెనక కిందికి వాలే ఆ తలుపు తెరిచాడు.

అసలు కథ అక్కడే ఉంది. లోడ్ బెడ్, అంటే సామాను వేసే వెనక తొట్టె పొడవు టేపుతో కొలిస్తే ఒకటిన్నర మీటరుకు కాస్త అటూ ఇటూ. బయటి నుంచి చూస్తే ఇల్లు ఖాళీ చేసి సామానంతా ఇందులో పట్టుకుపోవచ్చు అనిపిస్తుంది. కానీ డబుల్ క్యాబ్‌లో వెనక సీటు కోసం బెడ్‌నే కోసేస్తారు కదా! బావ తన మోటార్‌సైకిల్ ఎక్కించాలని ఆశపడ్డాడు. మామూలు బైక్ రెండు మీటర్లు ఉంటుంది. టైల్‌గేట్ తెరిచి ఉంచి, బైక్‌ని తాళ్లతో బిగించి కట్టాల్సిందే. వెడల్పు బాగానే ఉంది గానీ చక్రాల గుబ్బలు రెండు పక్కలా లోపలికి చొచ్చుకొచ్చాయి. పెద్ద ప్లైవుడ్ షీట్ అడుగున పరుద్దామంటే వాటి మధ్య పట్టదు. ఇంకొకటి, బెడ్ అంచు నేల నుంచి బాగా ఎత్తు. బరువైన బస్తాని ఒక్కడే ఎత్తి వేయడం కష్టం, ఇద్దరుండాలి.

తర్వాత ఫోన్ టార్చి వేసి కిందికి వంగాను. నిచ్చెన ఆకారపు ఛాసిస్, వెనక కమాన్ కట్టలు (ఇనప పట్టీలు పేర్చిన స్ప్రింగులు), డ్రమ్ బ్రేకులు, బెడ్ అడుగున వేలాడదీసిన స్టెప్నీ. కార్లు కొనే వాళ్లకి ఇవి పాతకాలపు సరుకులా అనిపిస్తాయి. నాకైతే అవి చూశాకే నమ్మకం కలిగింది. చాలా దేశాల్లో ఈ తరగతి పికప్ సుమారు టన్ను బరువు మోస్తుంది, ఆ బరువుకి కమాన్ కట్టలే గట్టివి. ఖాళీగా ఉన్నప్పుడు మాత్రం అవి వంగవు. ఆ సంగతి టెస్ట్ డ్రైవ్‌లో నడుముకి తెలిసింది.

వెనక సీటు పరీక్ష అమ్మకి అప్పజెప్పాం. ఫుట్‌బోర్డు ఉన్నా పైనున్న హ్యాండిల్ పట్టుకుని, బావ భుజం ఆసరా తీసుకుని ఎక్కింది. "ఇది బండెక్కడమా, అటకెక్కడమా?" అంది. కూర్చున్నాక కాళ్లకి చోటు చాలింది. వీపు దగ్గరే పేచీ. క్యాబిన్ గోడ సీటు వెనకే ఉంటుంది కాబట్టి ఆ సీటు కారులో ఉన్నంతగా వాలదు. గంట ప్రయాణమైతే పర్వాలేదు, రాత్రంతా అంటే ముందు సీటు తనదేనని అమ్మ అక్కడే తేల్చేసింది.

నడిపింది ఆటోమేటిక్. 2.8 లీటర్ల డీజిల్ ఇంజిన్, 204 హార్స్‌పవర్, 500 న్యూటన్ మీటర్ల టార్క్ (చక్రాన్ని తిప్పే బలం). మాన్యువల్‌లో టార్క్ 420. కదిలేటప్పుడు బరువు తెలుస్తుంది, కదిలాక తెలియదు. స్టీరింగ్ నెమ్మది. యూ టర్న్ ఒక్క తిప్పుకి కాలేదు, వెనక్కి తీసి మళ్లీ తిప్పాను. గతుకుల మీద వెనక భాగం ఎగిరెగిరి పడింది. బావ ఉత్సాహంగా ఫోర్ వీల్ డ్రైవ్ నాబ్ మీద చెయ్యి వేశాడు. వద్దన్నాను. ఇలాంటి బండిలో ఫోర్ వీల్ వేస్తే ముందు, వెనక ఇరుసులు ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి. మట్టిలో అయితే టైరు జారి సర్దుకుంటుంది, పొడి తారు రోడ్డు మీద జారదు. ఆ ఒత్తిడంతా గేర్ల మీద, షాఫ్టుల మీద పడుతుంది. కాబట్టి బురద దొరికే దాకా ఆ నాబ్‌తో పనిలేదు.

చివరికి ముందుకి వచ్చి గ్రిల్ చూశాను. బాగుంది. ఫొటోలో ఉన్నట్టే ఉంది.

టచ్‌స్క్రీన్ కూడా చూశాం, ఆ అబ్బాయి మనసు కష్టపెట్టడం ఎందుకని. వెళ్లేముందు ఒకటడిగాను: బెడ్‌లో మూడు నాలుగు వందల కిలోలు వేసి మళ్లీ నడపనిస్తారా? ఇంతవరకు ఎవరూ అలా అడగలేదట, మేనేజర్‌తో మాట్లాడి ఫోన్ చేస్తానన్నాడు. ఆ కబురు వచ్చేలోపు మా పార్కింగ్‌లో టేపు పెట్టి కొలిచాను. గోడ నుంచి గీత దాకా సరిగ్గా అయిదు మీటర్లు. బండి 5,325 మిల్లీమీటర్లు. బుకింగ్ సంగతి ఎత్తకముందు అపార్ట్‌మెంట్ సెక్రటరీగారితో మాట్లాడాలి.