ఉదయగిరిలో ఐదున్నర

మా ఆయనకు సీఎల్‌లు, ఆప్షనల్ సెలవులు ఉన్నాయి. వాడుకోకపోతే మురిగిపోతాయని డిసెంబరు నెలంతా క్యాలెండర్ ముందేసుకుని లెక్కలు కడుతుంటారు. నాకు మురిగిపోవడానికి కూడా సెలవులు లేవు. పద్దెనిమిదేళ్ళుగా నెల్లూరులో ఇంట్లోనే లెక్కల ట్యూషన్ చెబుతున్నా. పొద్దున ఐదున్నరకు ఇంటర్ పిల్లలు, ఏడింటికి పదో తరగతి, సాయంత్రం నాలుగున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా మళ్ళీ మూడు బ్యాచ్‌లు. మధ్యలో ఖాళీ అనుకునేరు. పేపర్లు దిద్దడం, రేపటి లెక్కలు చూసుకోవడం, ఫీజు కోసం ఫోన్లు చేయడం, చేసినందుకు సిగ్గుపడటం అప్పుడే.

"నీకేంది, పైన ఆఫీసరు లేడు, ఎప్పుడు కావాలంటే అప్పుడు సెలవు" అంటుంది మా వదిన. నా పైన ఆఫీసరు లేని మాట నిజమే. యాభై రెండు మంది తల్లిదండ్రులు ఉన్నారు. వరసగా రెండు రోజులు తలుపు మూసి ఉంటే పక్క వీధి ట్యూషన్‌కు పోతారేమోనని భయం. రెండేళ్ళ కిందట తిరుమలకు వెళ్ళేటప్పుడు రైల్లో కూర్చుని ఒక పిల్లాడికి వాట్సాప్‌లో త్రికోణమితి చెప్పా. పక్కనున్న పెద్దాయన గోవింద నామాలు ఆపి నా సైన్ తీటా, కాస్ తీటా విన్నాడు పాపం.

కార్తీక మాసంలో నా గొంతు పోయింది. మాట పూర్తిగా ఆగిపోయింది. వారం రోజులు నోరు తెరవొద్దని డాక్టర్ చెబితే, మూడో రోజుకే బోర్డు మీద రాసి సైగలతో క్లాసు నడిపా. పిల్లలకు భలే సరదాగా ఉంది. మా ఆయనకు లేదు. "సంక్రాంతి తర్వాత నాలుగు రోజులు. పేపర్ల కట్ట బ్యాగులో కనపడితే బస్సు దిగిపోతా" అన్నారు.

ముక్కనుమ నుంచి నాలుగు రోజులు క్లాసులు లేవని నెల ముందే గ్రూపులో మెసేజ్ పెట్టా. ఒకావిడ "సెలవుల్లోనే కదా మేడమ్ రివిజన్ అయ్యేది" అన్నారు. ఇంకొకాయన ఫోన్ చేసి ఆ నాలుగు రోజుల ఫీజు తగ్గిస్తారా అని అడిగారు. ఆ మాటకు ఆ పూటంతా మండిపోయా. రాత్రి పడుకున్నాక, అడగడంలో తప్పేముందిలే అనిపించింది. కాలిబాటలో కూరగాయల దగ్గర నేనూ అడుగుతాగా. అయినా తగ్గించలేదు. కిందటేడు పదో తరగతి పరీక్షల ముందు పదకొండు ఆదివారాలు ఊరికే చెప్పా, వాటికి ఎవరూ కలపలేదు.

అరకు అన్నారు, కొడైకెనాల్ అన్నారు. నేనే ఉదయగిరి అన్నా. మూడేళ్ళ కిందట మా దగ్గర చదివిన ఉదయగిరి అమ్మాయి పోతూపోతూ ఒక చెక్క గరిటె ఇచ్చింది. ఆవకాయ కలిపినా, పులుసు తిప్పినా అదే నా చేతిలో ఉంటుంది. అది పుట్టిన ఊరు చూడాలని ఉండేది. పైగా వంద కిలోమీటర్ల లోపే, ఏదన్నా అవసరమైతే పరిగెత్తి రావచ్చు. ఈ రెండో కారణం మా ఆయనకు చెప్పలేదు.

నెల్లూరులోని ఆత్మకూరు బస్టాండ్‌లో బస్సు ఎక్కేసరికి పండక్కొచ్చి తిరిగిపోయేవాళ్ళతో కిటకిటలాడుతోంది. ఆధార్ చూపిస్తే కండక్టర్ నాకు సున్నా టికెట్ కొట్టి, ఆయన దగ్గర డబ్బులు తీసుకున్నాడు. సున్నాకు విలువ లేదని ఇన్నేళ్ళు పిల్లలకు చెప్పినదాన్ని, ఆ చీటీ జాగ్రత్తగా పర్సులో పెట్టుకున్నా. బుచ్చి, సంగం దాటేదాకా రోడ్డుకు రెండు పక్కలా నాట్లు పడి పచ్చగా ఉంది, పెన్నమ్మ పుణ్యం. ఆత్మకూరు దాటాక నేల రంగు మారింది. ఎర్రమట్టి, తుమ్మ చెట్లు, దూరంగా వెలికొండల వరస. మెట్ట ప్రాంతం. ఒకే జిల్లాలో రెండు దేశాలున్నట్టు ఉంటుంది.

మొదటి రోజు చెప్పుకోవడానికి ఏమీ లేదు. లాడ్జిలో మధ్యాహ్నం పడుకుని రాత్రి లేచి, ఎర్రకారం దోశ తిని మళ్ళీ పడుకున్నా. కుళాయిలో నీళ్ళు సన్నగా దారంలా వచ్చేవి, బకెట్ నిండటానికి ఇరవై నిమిషాలు. లాడ్జి పేరెందుకులే, కుర్రాడు మంచివాడు, వేణ్ణీళ్ళు మోసుకొచ్చి ఇచ్చాడు.

రెండో రోజు ఐదున్నరకు మెలకువ వచ్చింది. అలారం లేదు, కాలింగ్ బెల్ లేదు. చీకట్లో కూర్చుని ఇంటర్ పిల్లలు ఈపాటికి వచ్చి ఉంటారు అనుకున్నా. రారు. నేనే రావద్దన్నా. ఫోన్ తీసి గ్రూపు చూశా. ఏమీ లేదు. ఎవరూ అడగలేదే అని ఒక చిన్న బాధ.

ఆ పొద్దున దుర్గం ఎక్కడానికి బయల్దేరాం. ఒడిశా గజపతుల చేతిలో ఉన్న ఈ కోటను కృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడించి 1514లో గెలిచాడు. కింద నిలబడి కొండ చూస్తే అంతకాలం ఎందుకు పట్టిందో ఎవరూ చెప్పక్కర్లేదు. ముళ్ళ కంపలు, జారుడు రాళ్ళు, పైకి పోయేకొద్దీ బండలే గోడలయ్యాయి, గోడలే బండలయ్యాయి. ఎక్కడ కొండ ఆగి ఎక్కడ కట్టడం మొదలైందో తెలియదు. రెండు గంటలు ఎక్కి కూలిన గోడ పక్కన చతికిలపడ్డాం. పైన ఇంకా చాలా ఉంది. "ఇంత దూరం వచ్చి సగంలో దిగితే ఎట్లా" అన్నా. సిలబస్ మిగిలిపోయినట్టు ఉంది నాకు. "ఎవరన్నా పరీక్ష పెడతారా?" అన్నారు ఆయన, వేరుశెనగ ఉండ కొరుకుతూ. గట్టిగా నవ్వా. నవ్వితే గొంతు నొప్పి పుట్టలేదని అప్పుడే గమనించా.

దిగి వచ్చాక బాలకృష్ణుడి గుడి చూశాం. ఇక్కడి కృష్ణుడి విగ్రహాన్ని రాయలవారు హంపికి తీసుకుపోయి, దాని కోసం అక్కడ గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠించారు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. ఉదయగిరిలో రాతి గుడి మాత్రం మిగిలింది, దేవుడు దేశాలు తిరుగుతున్నాడు. గెలిచినవాడు బంగారం పట్టుకుపోవడం తెలుసు గానీ, చంటిపిల్లాణ్ణి ఎత్తుకుపోవడం కొంచెం ముద్దుగానే అనిపించింది. ఉదయగిరి వాళ్ళు ఏమనుకున్నారో.

సాయంత్రం గరిటెలు చేసే ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాం. వాకిట్లో గోనెపట్టా మీద ఒకామె కూర్చుని ఉంది. నా వయసే ఉంటుంది. ఎడమ పాదం బొటనవేలికీ పక్క వేలికీ మధ్య అరచేయంత చెక్క ముక్క బిగించి, ఆకురాయితో రుద్దుతోంది. రంపంతో కోసిన ముక్క అప్పటికి గరిటె ఆకారంలో ఉంది, అంతే. రుద్దేకొద్దీ అంచు పల్చబడుతోంది. నాలుగు రుద్దులకొకసారి ముక్క పైకెత్తి, ఒక కన్ను మూసి వెలుతురుకు చూసి, బొటనవేలితో గుంట తడిమి మళ్ళీ రుద్దుతోంది. స్కేలు లేదు, గీత లేదు. చివర్లో ఉప్పుకాగితం పెట్టి తిప్పితే చెక్క మెత్తగా మెరిసింది. ఒడి నిండా లేత పసుపు పొడి.

"ఇది ఏం చెక్క అక్కా?"

"నర్ది. బిల్లుడు కూడా చేస్తాం. కొండ మీద నుంచి రావాల." తన పెళ్ళయినప్పటి నుంచి ఇదే పని అంది. అత్త నేర్పిందట. ఈ గరిటెలకు జీఐ గుర్తింపు, అంటే ఈ ఊరి ప్రత్యేక వస్తువన్న ముద్ర, వచ్చిందని మా ఆయన అంటే, ఆమె "వచ్చింది సార్" అని ఆకురాయి విదిలించింది, అంతకుమించి ఆ మాట మీద ఆసక్తి లేదు.

నేను ఊరుకోలేక అడిగా, "సెలవు ఎప్పుడు పెడతావు?"

"చెక్క దొరక్కపోతే" అంది. కాసేపాగి, "మీరేం చేస్తారు?"

చెప్పా. ట్యూషన్ మానేసి ఇక్కడికి వచ్చామని, రెండు రోజులుగా అదే ధ్యాసగా ఉందని కూడా చెప్పా. ఎందుకు చెప్పానో తెలియదు. ఆమె చేతి మణికట్టు చూపించింది, ఎముక పక్కన కాయ కాసి ఉంది. "మాకు చెయ్యి, మీకు గొంతు" అంది. ఆమె తిరిగి రుద్దుకోవడం మొదలుపెట్టింది. మేం ఇంకో అరగంట కూర్చున్నాం, ఎవరం ఏమీ మాట్లాడలేదు. రెండు గరిటెలు, ఒక అట్లకాడ, ముళ్ళ చెంచాలు ఆరు తీసుకున్నా. బేరం ఆడలేదు.

మూడో రోజు కారు మాట్లాడుకుని సీతారామపురం మీదుగా భైరవకోన వెళ్ళాం. నెల్లూరు జిల్లా దాటి పాత ప్రకాశం వైపు, నల్లమల అంచున. కొత్తపల్లి వచ్చేలోపే సిగ్నల్ పోయింది. ఫోన్‌లో గీతలు ఒక్కొక్కటే తగ్గి, చివరికి ఏమీ లేకుండా పోయింది. డ్రైవర్ "ఇక్కడింతే మేడమ్" అన్నాడు. గుండె ఒకసారి గుబేలుమంది. తర్వాత ఫోన్ బ్యాగులో పడేశా.

కొండ చరియను తొలిచి ఎనిమిది శివాలయాలు. ఏడు తూర్పు ముఖం, ఒకటి ఉత్తర ముఖం. ద్వారపాలకులు, గుహల స్తంభాలు పల్లవుల శిల్పాన్ని తలపిస్తాయి. అంతా ఒకే రాయి అని తెలిసీ, కప్పు మీద చెయ్యి వేసి అతుకు ఉందేమో చూశా. పై నుంచి జలపాతం సన్నగా పడుతోంది, వానలప్పుడైతే హోరు ఉంటుందట. కార్తీక పౌర్ణమికి చంద్రకాంతి అమ్మవారి మీద పడుతుందని, ఆ రాత్రి జనం కిక్కిరిసిపోతారని పూజారి చెప్పారు. మేమున్నప్పుడు పది మంది కూడా లేరు. కోతులు మాత్రం యాభై. పులిహోర డబ్బా మూత తీసీ తీయకముందే ఒకటి నా చేతిలోంచి లాక్కుని రాయెక్కి కూర్చుంది. మూత నాకు మిగిలింది.

నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నా. ఎంతసేపో తెలియదు, వాచీ కారులో ఉంది. చిన్న చిన్న చేపలు మడమల దగ్గరకొచ్చి పొడుస్తున్నాయి. ఆయన ఏదో అడిగారు, వినపడలేదు. ఈ పూట ఒక్క బ్యాచ్ కూడా గుర్తుకు రాలేదని సీతారామపురం వచ్చి ఫోన్ మోగాక తెలిసింది. పదో తరగతి పిల్లవాడు. గోళం ఘనపరిమాణంలో నాలుగు బై మూడు ఎందుకు వస్తుందట. మామూలుగా అయితే కారులోనే మొదలుపెట్టేదాన్ని. "బుధవారం చెప్తా నాన్నా" అన్నా. "సరే మేడమ్" అన్నాడు. అంత తేలిగ్గా.

నాలుగో రోజు తిరుగు ప్రయాణం. కళ్ళు తెరిచేసరికి కిటికీలోంచి ఎండ మంచం మీదకు వచ్చి ఉంది. ఏడుంబావు. బల్ల మీద స్టీలు గ్లాసులో టీ మీగడ కట్టి చల్లారిపోయింది.

"లేపొచ్చుగా" అన్నా.

"రెండుసార్లు లేపా" అన్నారు, బూట్లు తుడుచుకుంటూ.