గోల్ఫ్ డ్రైవర్ ఫిట్టింగ్, పన్నెండు వారాలు: నా కొలతల పుస్తకం

గత సీజన్ మొత్తం గోల్ఫ్‌లో నా టీ షాట్లు (బంతిని టీ అనే చిన్న పుల్ల మీద నిలబెట్టి కొట్టే మొదటి దెబ్బలు) కుడివైపుకు వంగి పోతూనే ఉన్నాయి. నేను కుడిచేతి వాటంతో ఆడతాను, హ్యాండిక్యాప్ (ఆట స్థాయిని తెలిపే అంకె, ఎంత తక్కువైతే అంత మెరుగు) 17. నా డ్రైవర్ (దూరం కొట్టడానికి వాడే పెద్ద తల క్లబ్) దుకాణంలో ఉన్నది ఉన్నట్టుగా కొన్నది: లాఫ్ట్ (ముఖం వెనక్కి వాలిన కోణం) 10.5 డిగ్రీలు, పొడవు 45.75 అంగుళాలు, 60 గ్రాముల స్టిఫ్ షాఫ్ట్ (బిరుసైన కర్ర). మన స్వింగును కొలిచి, దానికి తగినట్టు అమర్చి ఇచ్చే (దీనినే ఫిట్టింగ్ అంటారు) డ్రైవర్ నాలాంటి ఆటగాళ్ళకు నిజంగా ఉపయోగపడుతుందా అన్న విషయంలో నేను విన్న అభిప్రాయాలు ఒకదానితో ఒకటి పొసగలేదు కనుక, నా అంకెలతోనే తేల్చుకోవాలని నిశ్చయించుకున్నాను. కొత్త డ్రైవర్‌ను పరీక్షించే ప్రతిసారీ పాత డ్రైవర్‌నూ అదే పూట, అదే రకం బంతులతో కొట్టి చూడాలన్న ఒక్క నియమం పెట్టుకున్నాను. ఈ పన్నెండు వారాల్లో నాకు అన్నిటికంటే ఎక్కువగా పనికివచ్చింది ఆ నియమమే.

మొదటి రెండు వారాలు

ఫిట్టింగుకు వెళ్ళే ముందు, బంతి డ్రైవర్ ఫేస్ (బంతిని తాకే ముఖం) మీద ఎక్కడ తగులుతున్నదో తెలుసుకోవాలనుకున్నాను. పాదాలకు కొట్టుకునే పౌడర్ స్ప్రేను ఫేస్ మీద పలుచగా చల్లితే ప్రతి దెబ్బకూ గుండ్రటి గుర్తు పడుతుంది. ఒక్కొక్క గుర్తును మధ్యబిందువు నుంచి స్కేలుతో కొలిచి రాసుకుని, తుడిచి, మళ్ళీ చల్లి, రెండు పూటల్లో 40 బంతులు కొట్టాను. వాటిలో 29 హీల్ (షాఫ్ట్ కలిసే కొన) వైపే తగిలాయి. సగటున గుర్తు మధ్య నుంచి 15 మిల్లీమీటర్లు హీల్ వైపుకు, 6 మిల్లీమీటర్లు కిందికి ఉంది.

ఈ రెండు అంకెలతోనే నా బాధ చాలావరకు అర్థమయింది. హీల్ వైపు తగిలినప్పుడు క్లబ్ తల గురుత్వకేంద్రం చుట్టూ కొద్దిగా తిరుగుతుంది, ఆ తిరుగుడు పళ్ళచక్రాల జతలో లాగా బంతికి ఎదురు దిశలో స్పిన్ ఇస్తుంది, అందువల్ల బంతి కుడికి వంగుతుంది. టో (హీల్‌కు ఎదుటి కొన) వైపు తగిలితే ఎడమకు వంగుతుంది. నిలువుగా కూడా ఇదే జరుగుతుంది: కింద తగిలిన బంతి తక్కువ ఎత్తులో బయలుదేరి ఎక్కువ స్పిన్‌తో పోతుంది, పైన తగిలినది ఎక్కువ ఎత్తులో, తక్కువ స్పిన్‌తో పోతుంది. దానికి తోడు డ్రైవర్ ఫేస్ సమతలంగా ఉండదు, పై నుంచి కిందికి కూడా కొద్దిగా వంపు తిరిగి ఉంటుంది కనుక, కింది భాగంలో అసలు లాఫ్టే తక్కువ. అంతవరకు నా వంపు అంతా స్వింగ్ దారిలోని లోపమనే నమ్మి, నెలల తరబడి దానినే సరిదిద్దుకోవడానికి శ్రమపడ్డాను.

మూడవ వారం: ఫిట్టింగ్

గంటన్నర పట్టింది. లోపలి గదిలో, కెమెరా ఆధారంగా బంతి వేగం, కోణం, స్పిన్ కొలిచే లాంచ్ మానిటర్ అనే యంత్రం ముందు కొట్టాను. ప్రాక్టీస్ రేంజ్ బంతులు కాకుండా నేను ఆటలో వాడే బంతులతోనే కొలవాలని ముందే అడిగి ఒప్పించుకున్నాను. రేంజ్ బంతుల వేగం, స్పిన్ వేరుగా ఉంటాయి, వాటితో తీసిన అంకెలను నమ్మి క్లబ్ ఎంచుకోవడం సరికాదు.

ముందుగా పాత డ్రైవర్‌తో పది బంతులు కొట్టించారు. క్లబ్ తల వేగం గంటకు 92 మైళ్ళు, బంతి వేగం 127, లాంచ్ యాంగిల్ (బంతి పైకి లేచే కోణం) 10 డిగ్రీలు, స్పిన్ నిమిషానికి 3400 చుట్లు, క్యారీ (బంతి నేలను తాకేలోగా గాలిలో పోయిన దూరం) 194 గజాలు. క్లబ్ బంతిని చేరేటప్పుడు 3 డిగ్రీలు కిందికి దిగుతూ ఉంది. బంతి వేగాన్ని తల వేగంతో భాగిస్తే వచ్చేది స్మాష్ ఫ్యాక్టర్. డ్రైవర్‌తో అది దాదాపు 1.50 దాకా వెళ్ళగలదు, నాది 1.38 మాత్రమే.

ఇక్కడ ఒక విషయం నొక్కి చెప్పాలి. కొత్త తల కొంటే దానంతట అదే ఇరవై గజాలు కలిసివస్తాయని చాలామంది ఆశపడతారు. అయితే తల పరిమాణం 460 ఘన సెంటీమీటర్లు దాటకూడదని, ఫేస్ ఎంత స్ప్రింగులా పనిచేయవచ్చో దానికీ ఒక హద్దు ఉండాలని నిబంధనలు ఏనాడో నిర్ణయించాయి, తయారీదారులు చాలా ఏళ్ళుగా ఆ హద్దు అంచునే ఉన్నారు. కాబట్టి నాకు ఏదైనా లాభం రావాలంటే బంతి ఫేస్ మధ్యలో తగలడం ద్వారానే రావాలి.

షాఫ్టులు మార్చి చూశాం. రెగ్యులర్, స్టిఫ్ అన్న పేర్లకు పరిశ్రమ అంతటికీ ఒకే కొలమానం లేదు. ఒకరి స్టిఫ్ మరొకరి రెగ్యులర్‌కు సమానం కావచ్చు కనుక, షాఫ్ట్ మీది అక్షరాన్ని పట్టించుకోకుండా కొట్టి చూడటమే మార్గం. నా విషయంలో బిరుసు మార్చినా, బరువును 60 గ్రాముల నుంచి 55కు తగ్గించినా అంకెలు పెద్దగా కదలలేదు. కదిలించింది పొడవు. 44.75 అంగుళాలకు తగ్గించగానే తల వేగం ఒక మైలు తగ్గింది, బంతి వేగం మాత్రం 130కి పెరిగింది. నెమ్మదిగా కొట్టిన బంతి వేగంగా పోవడం తెరమీద చూసిన ఆ క్షణం నాకు ఎంతో సంతోషాన్నిచ్చింది.

పొడవు ఒక అంగుళం తగ్గితే స్వింగ్ వెయిట్ (ఊపేటప్పుడు తల ఎంత బరువుగా అనిపిస్తుందో తెలిపే కొలత) దాదాపు ఆరు పాయింట్లు పడిపోయి, చేతిలో తల ఉన్నట్టే అనిపించదు. తలకు రెండు గ్రాములు కలిపితే సుమారు ఒక పాయింటు పెరుగుతుంది. అందువల్ల అడుగున ఉన్న మరను తీసి ఎక్కువ బరువున్న దానిని బిగించారు. తరువాత లాఫ్టును 12 డిగ్రీలకు మార్చి చూశాం. స్లీవుతో (తలకు షాఫ్టును కలిపే, తిప్పి మార్చగల తొడుగుతో) లాఫ్ట్ పెంచితే ఫేస్ కొద్దిగా ఎడమకు మూసుకుంటుంది, నా బంతులు నేరుగా ఎడమకే బయలుదేరాయి, స్పిన్ కూడా పెరిగింది. తిరిగి 10.5 దగ్గరే ఉంచాం.

ఒక దశలో వేరొక షాఫ్టుతో 221 గజాల క్యారీ వచ్చింది, ఆనాటి బంతులన్నిటిలోనూ అదే అత్యధికం. ఫిట్టర్ దానివైపే మొగ్గు చూపారు. కానీ ఆ షాఫ్టుతో కొట్టిన మిగతా బంతులు ఎడమకూ కుడికీ చెదిరిపోయాయి. పదింటిలో అతి మంచివి రెండూ, అతి చెడ్డవి రెండూ తీసేసి మిగిలిన ఆరింటిని పోల్చి చూపమని అడిగాను, అప్పుడు పొట్టి షాఫ్టే స్పష్టంగా ముందు నిలిచింది. ఈ పద్ధతిని ఫిట్టింగుకు వెళ్ళే ప్రతి ఒక్కరూ పాటించాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. మరొకటి, అరవై బంతులు దాటాక అలసట వల్ల నా అంకెలన్నీ పడిపోయాయి. ఆ తరువాత కొట్టినవాటిని లెక్కలోకి తీసుకోలేదు.

నాలుగు, ఐదు వారాలు: క్లబ్ కోసం ఎదురుచూస్తూ

ఫిట్టింగ్ మధ్యలో ఫిట్టర్ నా బంతిని ఎడమ మడమకు ఎదురుగా జరిపి, బంతిలో సగం డ్రైవర్ పై అంచుకు ఎగువన కనిపించేలా టీ ఎత్తు పెంచారు. అంటే పెరిగిన గజాల్లో కొన్ని క్లబ్బువి, కొన్ని టీవి. ఈ రెండింటినీ విడదీయకపోతే నా ప్రశ్నకు జవాబు దొరకదు. అందుకని పాత డ్రైవర్‌నే కొత్త టీ ఎత్తుతో కొట్టి మళ్ళీ గుర్తులు కొలిచాను. గుర్తుల సగటు 6 మిల్లీమీటర్ల కింది నుంచి 3 మిల్లీమీటర్ల పైకి వచ్చింది. హీల్ వైపు దూరం మాత్రం తగ్గలేదు. ఒక అంగుళం కిందికి పట్టుకుని, తల వెనక 8 గ్రాముల సీసపు టేపు అంటించి కొట్టినప్పుడు అది 15 నుంచి 10కి తగ్గింది. ఏ కొత్త వస్తువూ కొనకుండా పొట్టి షాఫ్ట్ తనకు సరిపడుతుందో లేదో తెలుసుకోవాలనుకునేవారికి ఇంతకంటే సులువైన పరీక్ష నాకు తెలియదు.

ఆరవ వారం

క్లబ్ చేతికి వచ్చింది, వెంటనే పొడవు కొలిచాను. నిబంధనల ప్రకారం క్లబ్బును నేలమీద ఉంచి, దాని అడుగు భాగం 60 డిగ్రీల వాలు పలకకు ఆనేలా పెట్టి, అక్కడి నుంచి గ్రిప్ చివరి వరకు కొలవాలి. చెక్కముక్కతో అలాంటి వాలు తయారుచేసుకుని కొలిస్తే 45.25 అంగుళాలు వచ్చింది. నేను ఇంత శ్రమపడి తెలుసుకున్న కొలత కంటే అర అంగుళం ఎక్కువ! తిరిగి పంపాను. సరిచేసి ఇచ్చేసరికి ఎనిమిదవ వారం వచ్చింది. ఆ రెండు వారాలు నాకు చాలా కష్టంగా గడిచాయి.

తొమ్మిదవ వారం: అసలు పోలిక

మళ్ళీ అదే లాంచ్ మానిటర్ ముందు మూడు విధాలుగా, ఒక్కొక్క విధానికి పన్నెండు బంతులు కొట్టాను. అలసట ఏ ఒక్కదానికీ అన్యాయం చేయకుండా నాలుగేసి బంతుల చొప్పున మార్చి మార్చి కొట్టాను. పాత డ్రైవర్ పాత టీ ఎత్తుతో సగటు క్యారీ 195 గజాలు, అదే డ్రైవర్ కొత్త టీ ఎత్తుతో 204, కొత్త డ్రైవర్ కొత్త టీ ఎత్తుతో 211. అంటే పెరిగిన 16 గజాల్లో 9 కేవలం టీని, బంతి స్థానాన్ని మార్చుకోవడం వల్ల వచ్చినవే. కొత్త డ్రైవర్‌తో లాంచ్ యాంగిల్ 13 డిగ్రీలు, స్పిన్ 2750.

దూరం కంటే నాకు ముఖ్యమైనది వెడల్పు. ఎడమ చివరి బంతికీ కుడి చివరి బంతికీ మధ్య దూరం మొదటి విధంలో 62 గజాలు, రెండవ దానిలో 57, మూడవ దానిలో 38. ఈ లాభంలో ఎక్కువ భాగం టీ ఇచ్చినది కాదు, పొట్టి షాఫ్ట్ ఇచ్చింది.

ఫిట్టింగ్ విలువ గురించి నా అభిప్రాయం ఈ అంకెల దగ్గరే ఏర్పడింది. పౌడర్ గుర్తులు ఫేస్ మీద ఏదో ఒక చోట గుంపుగా పడుతున్నవారికి, ఆ చోటు తప్పుదైనా సరే, ఫిట్టింగ్ తప్పక మేలు చేస్తుంది, ఎందుకంటే గుంపును జరపవచ్చు. గుర్తులు ఫేస్ అంతటా చెదిరి ఉన్నవారు, లేదా ఆట కొత్తగా నేర్చుకుంటూ నెలనెలా స్వింగ్ వేగం మారుతున్నవారు ఇప్పుడే చేయించుకుంటే, అది ఆ ఒక్కరోజు స్వింగుకు కొలిచిన క్లబ్ అవుతుంది. వారు ముందుగా కోచ్ దగ్గర కొన్ని పాఠాలు తీసుకోవడమే మంచిదని నా గట్టి నమ్మకం.

పది నుంచి పన్నెండు వారాలు: మైదానంలో

ఆరు రౌండ్లు ఆడాను, డ్రైవర్‌ను మొత్తం 78 సార్లు వాడాను. 40 సార్లు బంతి ఫెయిర్‌వే (గడ్డి పొట్టిగా కత్తిరించిన ఆట దారి) మీద నిలిచింది. దీనికి ముందటి ఆరు రౌండ్లలో అన్నే ప్రయత్నాల్లో 31 సార్లు. టీ షాట్ వల్ల పడిన పెనాల్టీలు 11 నుంచి 5కు తగ్గాయి. ఒక రౌండులో ఎదురుగాలి ఎక్కువగా ఉండి లాఫ్ట్ తగ్గించాలనిపించింది. రౌండ్ మొదలయ్యాక స్లీవ్ తిప్పి క్లబ్ స్వభావాన్ని మార్చడం నిబంధనలకు విరుద్ధం కనుక టీ ఎత్తు కాస్త తగ్గించి సర్దుకున్నాను. ఆ రోజు గుర్తులు మళ్ళీ కిందికి జారాయి, ఫెయిర్‌వేలు నాలుగే దొరికాయి.

పన్నెండవ వారం చివర 40 బంతులతో మళ్ళీ పౌడర్ పరీక్ష చేశాను: సగటు హీల్ వైపు 7 మిల్లీమీటర్లు, పైకి 4. హీల్ వైపు ఇంకా మిగిలిన ఆ 7 మిల్లీమీటర్ల కోసం వచ్చే వారం బంతికి అర అంగుళం దూరంగా ఒక పూట, దగ్గరగా ఒక పూట నిలబడి కొట్టి, రెండు పూటలా గుర్తులు కొలవబోతున్నాను.