సుంకి ఘాటీలో మా కారు ఆవిర్లు కక్కిన కథ

మాది జయపురం, రాజస్థాన్‌ది కాదండోయ్, ఒడిశాలో కోరాపుట్ జిల్లాది. అత్తారిల్లు విజయనగరంలో, కాబట్టి నెలకోసారైనా సాలూరు దాటి సుంకి ఘాటీ, అంటే మలుపుల కొండదారి, ఎక్కాల్సిందే. సాలూరు దాకా ఎనభైలో వచ్చినా టెంపరేచర్ ముల్లు సగంలోనే ఉండేది, అక్కణ్ణుంచి లోడు లారీ వెనకాల సెకండ్ గేర్లో నాలుగు మలుపులు తిరిగేసరికి ఎర్రగీత ఎక్కేసేది.

మొదటిసారి బానెట్ సందుల్లోంచి ఆవిరొస్తే కంగారులో రేడియేటర్ మూత తిప్పబోయాను, వెనకాగిన లారీ డ్రైవరు "ఓ బాబూ ముట్టుకోకు, మొహం కాలిపోద్ది" అని ఒకటే కేక. నిజమే, ఆ మూత లోపల ప్రెషర్ పట్టి ఉంచుతుంది, అందుకే వంద డిగ్రీలు దాటినా లోపలిది మరగదు, వేడి మీద తీశామో ఎగజిమ్ముద్ది. ముప్పావుగంట ఆగి, చల్లారాక బాటిల్ నీళ్ళు పోసి బయల్దేరాం.

తర్వాత ఒక షాపులో థెర్మోస్టాట్ వాల్వే పీకేశారు, "మన ఎండలకి ఇది అక్కర్లేదు సార్" అని. నేనూ తలూపాను చూడండి, అదీ నా తెలివి! ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని, అంటే ఇంజన్ని చల్లబరిచే ద్రవాన్ని, రేడియేటర్‌కి పోనివ్వకుండా ఆపేది అదే, దాదాపు 85 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది. అది లేక కోరాపుట్ చలికాలం పొద్దున్నలు ఇంజన్ ఎంతకీ వేడెక్కదు, మైలేజీ పడిపోయింది, ఘాటీలో మాత్రం మళ్ళీ అదే ఆవిరి.

చివరికి మా ఊళ్ళోనే ఒక ఒడియా మెకానిక్, తెలుగు మనకంటే బాగా మాట్లాడతాడు, ఒకటే అడిగాడు. "భాయినా, ఫాస్టుగా పోతుంటే వేడెక్కుతోందా, మెల్లగా ఎక్కుతుంటేనా?" మెల్లగా ఎక్కుతుంటేనే అన్నాను. ఇంజన్ ఆన్ చేసి ఏసీ వెయ్యమని, ముందు గ్రిల్ దగ్గర జాలీకి ఒక కాగితం ముక్క ఆనించాడు, ఫ్యాన్ గాలి లాగితే అతుక్కోవాలి కదా, జారి కిందపడింది. స్పీడుగా పోతే ఎదురుగాలే రేడియేటర్‌ని చల్లబరుస్తుంది, ఘాటీలో ఆ గాలి ఉండదు, ఫ్యానే దిక్కు. మా ఫ్యానేమో తిరగట్లేదు! ఫ్యూజు బాగానే ఉంది, ఫ్యాన్‌కి కరెంటు అందించే స్విచ్చులాంటి రిలే కాళ్ళు నల్లగా మాడిపోయున్నాయి.

రిలే మార్చి, కొత్త థెర్మోస్టాట్ వేసి, పాత నీళ్ళు దింపితే టీ రంగులో తుప్పు, అన్నాళ్ళూ బోరు నీళ్ళు పోసిన ఫలితం. కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ సగం సగం కలిపి పోశాడు, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే మూత తీసి, స్టార్ట్ చేసి, హీటర్ ఫుల్లు పెట్టి, బుడగలు ఆగేదాకా పైపు పిసుకుతూ కూర్చున్నాడు. గాలి ఉండిపోతే మళ్ళీ మొదటికొస్తుందంట.

మొన్న ఏసీ వేసుకునే ఘాటీ ఎక్కాం, ముల్లు సగం దాటలేదు. డిక్కీలో ఐదు లీటర్ల నీళ్ళ క్యాన్ మాత్రం మా ఆవిడ ఇంకా తియ్యనివ్వట్లేదు.