క్లాసులున్నాయా సార్?

2024 డిసెంబర్ 4, పొద్దున ఏడున్నర కావస్తుండగా ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఇక్కడ హనుమకొండలో గిన్నెలు గలగలమన్నాయి, మంచాలు ఊగాయి, జనం బనియన్ల మీదే రోడ్డెక్కారు. అంతా కొన్ని సెకన్లే. డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ని కాబట్టి ఆ తర్వాత నా ఫోన్ ఆగలేదు. పిల్లలందరిదీ ఒకటే మాట: సార్, ఇయ్యాల క్లాసులున్నాయా?

సెలవు కోసం అడుగుతున్నారని నవ్వుకోవచ్చు. కానీ నిజంగా పెద్ద భూకంపం వచ్చిన చోట యూనివర్సిటీ తిరిగి లేచి నిలబడిందా లేదా అనేది తేలేది ఈ ప్రశ్నకు వచ్చే జవాబుతోనే అని నేను నమ్ముతాను. న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ సంగతి చూడండి. అక్కడి కాంటర్‌బరీ యూనివర్సిటీకి దెబ్బ మీద దెబ్బ తగిలింది. 2010 సెప్టెంబర్ 4 తెల్లవారుజామున 7.1 తీవ్రతతో మొదటిది. అందరూ పడుకున్న వేళ కాబట్టి ప్రాణాలు దక్కాయి గానీ, లైబ్రరీలో ర్యాకులు ఒరిగి పుస్తకాలు కుప్పలు పడ్డాయి. అవన్నీ సర్దుకుని కొత్త విద్యా సంవత్సరం ఇట్లా మొదలుపెట్టారో లేదో, 2011 ఫిబ్రవరి 22 మధ్యాహ్నం 12:51కి రెండోది. తీవ్రత 6.2, అంకె చిన్నదే. కానీ ఊరికి ఆనుకుని, అయిదు కిలోమీటర్ల లోతులోనే పుట్టింది. 185 మంది పోయారు. అందులో 115 మంది ఒక్క సీటీవీ (కాంటర్‌బరీ టెలివిజన్) బిల్డింగ్‌లోనే. అందులో ఒక ఇంగ్లిష్ నేర్పే స్కూలు ఉండేది, చనిపోయినవాళ్లలో చాలామంది వేరే దేశాల నుంచి వచ్చిన విద్యార్థులు. మన పిల్లలు కూడా అట్లనే సూట్‌కేసు సర్దుకుని పోతుంటారు కదా, ఆ సంగతి చదివాక కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

యూనివర్సిటీ మూసేశారు. ప్రతి బిల్డింగునూ ఇంజినీర్లు చూసి సరే అంటే తప్ప లోపలికి పోయే వీల్లేదు. కానీ అన్నీ బాగయ్యేదాకా ఆగుదాం అనుకోలేదు. దాదాపు మూడు వారాలకు కార్ పార్కింగుల్లో పెద్ద పెద్ద టెంట్లు వేసి అందులోనే లెక్చర్లు మొదలుపెట్టారు. కొందరు విద్యార్థులకు ఆక్స్‌ఫర్డ్, అడిలైడ్ యూనివర్సిటీలు కొన్నాళ్లు చోటిచ్చాయి. మన దగ్గరైతే ఏం చేస్తామో చెప్పనక్కర్లేదు, నిరవధిక సెలవు, హాస్టల్ ఖాళీ చేయండి అని నోటీసు. తప్పని అనను, పైకప్పు మీద నమ్మకం లేనప్పుడు పిల్లల్ని ఇంటికి పంపడమే మంచిది. తిరిగి ఎప్పుడు రావాలో చెప్పకపోవడమే నాకు నచ్చదు. తేదీ లేకుండా ఇంటికి పోయిన పిల్లవాడు, ముఖ్యంగా ఊళ్లో పొలం పనుంటే, చాలాసార్లు మళ్లీ రాడు.

అక్కడి విద్యార్థులు ఇంకో పని చేశారు, నాకైతే టెంట్ల కన్నా ఇదే గొప్పగా అనిపించింది. క్రైస్ట్‌చర్చ్‌లో చాలా భాగం నీళ్లు నిండిన ఇసుక నేల. అలాంటి నేల గట్టిగా ఊగితే రేణువుల మధ్య పట్టు పోయి, నీళ్లూ ఇసుకా కలిసి పైకి ఎగజిమ్ముతాయి. ఇళ్ల ముందూ, వాకిళ్లలోనూ, మోరీల్లోనూ బూడిదరంగు బురద. సామ్ జాన్సన్ అనే విద్యార్థి సెప్టెంబర్ భూకంపం తర్వాతే ఫేస్‌బుక్‌లో పిలుపిచ్చాడు, ఫిబ్రవరి నాటికి అది స్టూడెంట్ వాలంటీర్ ఆర్మీ అయింది. వేలమంది పారలు పట్టుకుని వీధులకు వీధులే ఎత్తిపోశారు.

ఆ పని ఎట్లుంటుందో 2023 జూలై వానలకు మన కాలనీలు మునిగినప్పుడు చూసినవాళ్లకు తెలుస్తుంది. తడిగా ఉన్నప్పుడు తట్టలో సగానికి మించి ఎత్తలేం, ఎత్తినా తట్ట అంచు నుంచి కారి చెప్పుల్లోకే వస్తుంది. రెండు రోజులు ఆగుదామంటే ఎండి సిమెంటులా పట్టేస్తుంది, అప్పుడు పలుగు కావాలి. సర్టిఫికెట్ కోసం ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపుకు వచ్చి ఫొటో దిగి పోయే పని కాదిది. కాంటర్‌బరీ యూనివర్సిటీ కూడా తెలివిగా, 2011లోనే ఊరి పునర్నిర్మాణం మీద ఒక కోర్సు పెట్టి, చేసిన సేవకూ దాని గురించి చదివి రాసినదానికీ కలిపి క్రెడిట్లిచ్చింది. పనిలో పడ్డవాడికి రాత్రి నిద్ర పడుతుంది, అది పరీక్షల కన్నా ముఖ్యం.

అంతా బాగైపోయిందని కాదు. 2011 జూన్‌లో, మళ్లీ డిసెంబర్‌లో గట్టిగానే ఊగింది, ప్రతిసారీ బిల్డింగుల్లోంచి బయటికి రావాలి, మళ్లీ టెన్షన్. కొత్తగా చేరేవాళ్లు బాగా తగ్గారు, ఫీజుల మీద వచ్చే డబ్బు తగ్గింది, 2013లో ప్రభుత్వం సైన్స్, ఇంజినీరింగ్ భవనాల కోసం 26 కోట్ల న్యూజిలాండ్ డాలర్ల దాకా ఇస్తామంటే గాని ఊపిరి ఆడలేదు.

ములుగు భూకంపం రోజు మన వాట్సాప్ గ్రూపులన్నీ రామప్ప గుడితో నిండిపోయాయి. ఊపును తట్టుకునే ఇసుక పునాది, నీళ్ల మీద తేలే ఇటుకలు, ఎనిమిది వందల ఏళ్ల కిందటి కాకతీయుల తెలివి. నిజమే, దండం పెట్టాల్సిందే. కానీ మన హాస్టళ్లు కట్టింది కాకతీయులు కాదు, కాంట్రాక్టర్లు. గోదావరి లోయ కింద పాత పగుళ్లున్నాయి, 1969లో భద్రాచలం దగ్గర 5.7 వచ్చింది, అంటే ఇది మొదటిదీ కాదు, చివరిదీ కాదు.

నాకు తెలిసిన ఓ హాస్టల్లో రాత్రి తొమ్మిదికి మెట్ల దగ్గర గ్రిల్ గేటుకు తాళం వేస్తారు, పొద్దున వాచ్‌మన్ వచ్చి తీస్తాడు. ఆ డిసెంబర్ పొద్దున అతను చాయ్‌కి పోయాడు. పిల్లలు గ్రిల్ పట్టుకుని అరుస్తూ నిలబడ్డారు, అదృష్టం కొద్దీ ఊగడం ఆగింది. గేటు ఎందుకంటే దొంగలు, క్రమశిక్షణ అన్నారు. సరే, గేటు ఉండనివ్వండి. ప్రతి ఫ్లోర్‌లో ఒక తాళంచెవి పిల్లల చేతిలో పెట్టండి, క్లాసులు బయట జరపాల్సి వస్తే ఏ సెక్షన్ ఏ చెట్టు కిందో ఇప్పుడే ఒక కాగితం మీద రాసి నోటీసు బోర్డుకు అంటించండి. రెండింటికీ ఫండ్స్ అక్కర్లేదు, ప్రిన్సిపాల్ సంతకం చాలు.