ఊపిరి బిగపట్టొద్దు

మిర్యాలగూడలో రైస్ మిల్లు లెక్కలు రాసేవాడికి ఏడాదిలో కాస్త తీరిక దొరికేది ఫిబ్రవరిలోనే. వానాకాలం వడ్ల హడావిడి అప్పటికి సద్దుమణుగుతుంది. యాసంగి కోతలకు ఇంకా నెలన్నర పైనే ఉంటుంది. అండమాన్‌లో సముద్రం తేటగా ఉండేది కూడా డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకానే అని తెలిశాక, వడ్లకూ సముద్రానికీ ముహూర్తం కలిసిందనుకున్నాను. 2025 ఫిబ్రవరికి సెలవు రాసిచ్చాను.

సముద్రం లోపలికి దిగాలన్న పిచ్చి నాకు చిన్నప్పటిది. హాలియా దగ్గర మా ఊరి బాయిలో ఈత నేర్చుకున్నాను. నేర్చుకున్నాననే కంటే మా చిన్నాయన నేర్పించాడనాలి. నడుముకు జీలుగ బెండ్లు కట్టి, గట్టు మీది నుంచి తోసేశాడు. పదేళ్లు వచ్చేసరికి మా ఆట ఒక్కటే. ఒకడు తెల్ల రాయి నీళ్లలోకి విసిరేవాడు, ఇంకొకడు మునిగి అడుగు నుంచి తెచ్చేవాడు. ఎవడు ఎక్కువసేపు ఊపిరి బిగపడితే వాడే మొనగాడు. ఆ లెక్కన స్కూబా, అంటే గాలి సిలిండర్ తగిలించుకుని నీళ్లలో మునగడం, నాకు పుట్టుకతో వచ్చిన విద్య అనుకున్నాను. నలభై ఏళ్లు దాటినా ఆ పొగరు పోలేదు.

ఎక్కడికి వెళ్లాలన్నది నాలుగు రాత్రుల పంచాయితీ. బామ్మర్ది మాల్దీవులన్నాడు. మా ఆవిడకు పాస్‌పోర్టు లేదు. లక్షద్వీప్ అంటే ముందుగా పర్మిట్ తీసుకోవాలి, కొచ్చి వెళ్లి అక్కడి నుంచి మళ్లీ విమానమో ఓడో ఎక్కాలి. అండమాన్‌కు హైదరాబాద్ నుంచి నేరుగా విమానం ఉంది, రెండుంబావు గంటల ప్రయాణం. అక్కడ అందరూ వెళ్లే హావ్‌లాక్ వద్దని, దాని పక్కన చిన్నదైన నీల్ దీవిని ఎంచుకున్నది మా ఆవిడ. కారణం, ఊళ్ల పేర్లు. సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్. "రామాయణమంతా అయిదారు కిలోమీటర్లల్ల అయిపోతది" అంది. 1857 తిరుగుబాటును కర్కశంగా అణచిన జేమ్స్ నీల్ పేరు మీద ఆ దీవిని పిలిచేవారు. 2018 డిసెంబర్‌లో దాన్ని షహీద్ ద్వీప్‌గా మార్చారు. టికెట్లు అమ్మేవాళ్లు మాత్రం ఇంకా నీల్ అనే అంటున్నారు.

ప్యాకేజీ ఇచ్చినాయన పేరు అవసరం లేదు. అయిదు రోజుల కార్యక్రమం రంగురంగుల కాగితం మీద పంపాడు. జైలు, మ్యూజియం, బీచ్‌లు అన్నీ ముందు పెట్టి, ఆఖరి రోజు పొద్దున స్కూబా, మధ్యాహ్నం విమానం. తీపి చివర్న వడ్డించినట్టు బాగానే కనిపించింది. నేను అడ్వాన్స్ కూడా కట్టేశాను. తర్వాత నీల్‌లోని డైవింగ్ వాళ్లకు ఫోన్ చేసి, వేళ అడుగుదామని ఆ కాగితం చదివి వినిపిస్తే, అవతలి అబ్బాయి హిందీలో, "మీరు విమానం ఎక్కుతారా, ఆస్పత్రికి వెళ్తారా?" అన్నాడు.

సంగతేమిటంటే, లోతుకు వెళ్లేకొద్దీ పీల్చే గాలిలోని నైట్రోజన్ ఎక్కువగా రక్తంలో కరుగుతుంది. పైకి వచ్చాక అది మెల్లగా బయటికి పోవాలి. పోకముందే విమానం ఎక్కితే, అక్కడ గాలి ఒత్తిడి ఇంకా తక్కువ కాబట్టి లోపలే బుడగలు కట్టవచ్చు. గోలీ సోడా కొట్టని సీసాలో బుడగలు కనిపించవు, గోలీ లోపలికి నొక్కగానే బుస్సుమంటాయి కదా, అదే లెక్క. ఒక్కసారి మునిగితే కనీసం 12 గంటలు, రెండు మూడుసార్లు మునిగితే కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. కాబట్టి ఇలాంటి ప్రయాణాన్ని వెనక నుంచి ముందుకు రాసుకోవాలి. ముందు తిరుగు విమానం, దానికి ముందు ఒక ఖాళీ రోజు, దానికి ముందు డైవింగ్. జైలు, మ్యూజియం ఆ ఖాళీ రోజులో చూసుకోవచ్చు. ప్యాకేజీ రద్దు చేసుకున్నాను. అడ్వాన్స్‌లో సగమే తిరిగొచ్చింది.

రెండో చిక్కు ఆరోగ్యం ఫారం. చెవి, గుండె, ఫిట్స్, ఆపరేషన్లు అన్నీ అడుగుతుంది. "ఆస్తమా ఉందా?" అన్నచోట బామ్మర్ది పెన్ను ఆగింది. వాడికి చిన్నప్పుడు ఉబ్బసం. మూడేళ్లు వరసగా మృగశిర కార్తె నాడు హైదరాబాద్ తీసుకెళ్లి కొర్రమీను పిల్లను మింగించారు. ఇప్పటికీ చలికాలం జేబులో ఇన్హేలర్ ఉంటుంది.

"లేదని రాస్త బావా. ఎవనికి తెలుస్తది?" అన్నాడు.

నేను ఒప్పుకోలేదు. హైదరాబాద్‌లో ఊపిరితిత్తుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన గొట్టంలో ఊదించాడు, మెట్లెక్కించి మళ్లీ ఊదించాడు, వద్దన్నాడు. పది మీటర్ల లోతులో పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెట్టింపు చోటు ఆక్రమిస్తుందట. ఆస్తమా వల్ల గొట్టాలు సన్నబడి ఆ గాలి లోపలే చిక్కుకుంటే ఊపిరితిత్తి చినిగిపోవచ్చట. "అందుకే ఎవరైనా సరే నీళ్ల లోపల ఊపిరి బిగపట్టకూడదు, అది మొదటి రూలు" అని నా వైపు చూస్తూ అన్నాడు. నేను తలాడించాను. బామ్మర్ది దారంతా మాట్లాడలేదు. నార్కట్‌పల్లి దగ్గర చాయ్ తాగాక, "చేపను మింగినందుకు చేపలు పగబట్టినయి" అన్నాడు. వాడికి పైపైన తేలుతూ చూసే స్నార్కెలింగ్ ఖాయమైంది.

అమ్మకు చెప్పడం అన్నిటికంటే కష్టం. సాగర్ ఎడమ కాల్వ ప్రతి ఏడూ ఎవరో ఒకరిని తీసుకుపోతుంది. నీళ్లంటే ఆమెకు అదే గుర్తు. రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. చివరికి యాదగిరిగుట్ట నుంచి తెచ్చిన ఎర్ర దారాలు మా ఇద్దరి చేతులకూ కట్టింది. కట్టాక, చెల్లెలి కూతురికి కుజదోషం ఉందనీ, సముద్రం నుంచి ఒక పగడం తెమ్మనీ చెప్పింది. ఉంగరంలో పెట్టే ఎర్ర పగడం వేరే జాతి, మధ్యధరా సముద్రం వంటి చోట్ల లోతుల్లో దొరుకుతుంది. అండమాన్‌లో పగడపు ముక్క తీస్తే వన్యప్రాణి చట్టం కింద కేసు. ఇదంతా వివరించబోయి ఊరుకున్నాను.

విమానం దిగిన ఊరిని ఇన్నాళ్లూ పోర్ట్ బ్లెయిర్ అన్నారు. 2024 సెప్టెంబర్ నుంచి శ్రీవిజయపురం. మాకు నవ్వొచ్చింది. మా నాగార్జునసాగర్ కూడా విజయపురే. ఇక్ష్వాకుల విజయపురి డ్యామ్ కట్టాక నీళ్ల కిందికి పోయింది. నీళ్ల కింద ఏముందో చూడటానికి మేం ఇంత దూరం ఎగిరి ఇంకో విజయపురానికి వచ్చాం.

అక్కడి నుంచి నీల్‌కు ఫెర్రీలో గంటన్నర. రేవు పక్కనే భరత్‌పూర్ బీచ్. దిగగానే సామాను అందుకున్న పెద్దాయన మా మాటలు విని, "తెలుగోళ్లా?" అన్నాడు. తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి వచ్చారట. నల్గొండ అంటే, "ఐదరాబాద్ పక్కనేటి?" అని అడిగి, సామానుకు యాభై తక్కువ తీసుకున్నాడు. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కాందిశీకులు స్థిరపడిన దీవి ఇది. దారికిరువైపులా కూరగాయల మళ్లు, అరటి, కొబ్బరి. రిసార్టంటే ఎనిమిది గుడిసె గదులు, నాలుగు ఊయలలు. సాయంత్రం అయిదున్నరకే పొద్దు కుంకింది. ఏడింటికి చేపల పులుసు, ఉప్పుడు బియ్యం అన్నం. నేను రెండు మెతుకులు వేళ్ల మధ్య నలిపి చూస్తుంటే, "ఇక్కడ కూడానా?" అని మా ఆవిడ ప్లేటు లాగేసింది.

మర్నాడు పొద్దున ఏడింటికి సముద్రం. మా ఆవిడకు ఈత రాదు. ఇలా మొదటిసారి ఒక్కసారి దిగి చూసేవాళ్లకు అక్కడ ఈత రాకపోయినా తీసుకెళ్తారు. ఒక్కొక్కరికి ఒక్కో శిక్షకుడు సిలిండర్ పట్టుకుని వెంటే ఉంటాడు. మనిషికి అయిదు వేల లోపే అయింది. సిలిండర్లో ఉండేది ఆక్సిజన్ అనుకుంటారు చాలామంది. మామూలు గాలే, కాకపోతే మిల్లుకు వచ్చే లారీ టైరులో కంటే పాతిక రెట్లు ఒత్తిడితో, 200 బార్ దాకా కుక్కి పెడతారు. నడుముకు సీసం దిమ్మల బెల్టు కట్టారు. బెండ్లు కట్టుకున్న నడుముకే.

నడుం లోతు నీళ్లలో అరగంట పాఠం. నోటితో పీల్చడం, నోటితో వదలడం, అద్దంలోకి నీళ్లొస్తే ముక్కుతో ఊది బయటికి పంపడం, చెవులు దిబ్బడ వేయకముందే ముక్కు మూసి మెల్లగా గాలి ఊదడం. నా శిక్షకుడు ప్రతి దాని చివరా "సాంస్ మత్ రోకో", ఊపిరి ఆపొద్దు, అన్నాడు. నాకు తెలుసన్నాను.

తలకాయ మునగగానే ముప్పై ఏళ్ల బాయి అలవాటు బయటపడింది. గుండె నిండా పీల్చి బిగపట్టాను. ఛాతీలో గాలి నిలిస్తే మనిషి బెండులా తేలిపోతాడు. కిందికి దిగాల్సినవాణ్ని పైకి లేస్తున్నాను. శిక్షకుడు నా భుజం పట్టి ఆపి, ఛాతీ మీద రెండు వేళ్లతో తట్టి, వదలమని సైగ చేశాడు. వదిలాను. రెండు నిమిషాల్లో మళ్లీ అదే. మూడోసారి ఆయన తన నోటి ముందు వేళ్లు ఆడిస్తూ, చిన్నపిల్లాడికి పాలు తాగడం నేర్పినట్టు, పీల్చు, వదులు, పీల్చు, వదులు అని చూపించాడు. అప్పుడు చెవికి నా బుడగల గలగల తప్ప ఇంకో చప్పుడు వినిపించడం మొదలైంది. వేడి నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు, అన్ని వైపుల నుంచీ. పగడాల సందుల్లో ఉండే చిన్న రొయ్యలు కొండీలు చిటికెల్లా కొట్టే చప్పుడని తర్వాత చెప్పారు.

పగడాలన్నీ ఫోటోల్లోలా లేవు. 2010లో, 2016లో సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు చాలా తెల్లబడి చచ్చిపోయాయి. ఒడ్డు దగ్గర బూడిద రంగు దిబ్బలు ఎన్నో. లోతుకు వెళ్తే ప్రాణం ఉన్నవి కనిపించాయి. ఒక చిలక చేప బండను పళ్లతో గీకి తింటూ, వెనక నుంచి ఇసుక వదులుతూ పోయింది. చేతివేళ్లలా ఊగుతున్న ఒక సముద్రపు జీవి మధ్య నుంచి నారింజ చేప ఒకటి నా అద్దం మీదికి దూసుకొచ్చి, మళ్లీ ఇంట్లోకి పోయింది. బొటనవేలంత ఉంది, ధైర్యం మాత్రం ఏనుగంత. నా చేతి దారం చూసుకున్నాను. ఎర్రగా లేదు. మట్టి రంగులో ఉంది. నీళ్లు ముందుగా మింగేసేది ఎరుపునేనట.

మా ఆవిడ నాకంటే కొంచెం కింద, కాళ్లు కదపకుండా, చాప మీద బోర్లా పడుకున్నదానిలా తేలుతోంది. బిగపట్టే విద్య ఆమెకు రాదు, కాబట్టి మానుకునేదీ లేదు. పైకి వచ్చాక మీటర్లు చూశారు. ఆమె సిలిండర్లో 110 బార్ గాలి మిగిలింది, నాదాంట్లో 60. శిక్షకుడు ఆమెకు నమస్తే పెట్టాడు. అంతసేపూ పైన తేలుతూ తిరిగిన బామ్మర్ది, తాబేలును చూసింది తానొక్కడేనని సాయంత్రం దాకా చెప్తూనే ఉన్నాడు.

మర్నాడు ఫెర్రీలో వెనక్కి. ఆ ఖాళీ రోజు సెల్యులార్ జైలు చూశాం. ఆ మర్నాడు విమానం, అర్ధరాత్రికి ఊరు.

అమ్మ దీపం పెట్టి కూర్చుంది. దారాలు ఉన్నాయో లేదో ముందు చేతులు చూసింది. పగడం అడగలేదు.

"ఎంత లోతు పోయినవ్ కొడుకా?"

"పన్నెండు గజాలుంటది అమ్మా."

ఆమె కాసేపు లెక్కేసుకుంది.

"మన బాయి పద్నాలుగు గజాలు గదరా."